సూది తీసిన తర్వాతి గంటలు

రిటైరై మూడేళ్లయింది. ఇప్పటికీ మధ్యాహ్నం పూట పక్కన ఎవరైనా పడుకుని ఉంటే నా చెయ్యి దానంతటదే వాళ్ల మణికట్టు మీదికి పోతుంది. ఇంట్లో నాకు దొరికేది మా ఆయన చెయ్యి ఒక్కటే. "నాకేం కాలే, నన్ను జర పండనియ్యి" అని గుంజుకుంటాడు. ఆయన నాడి బాగానే ఉంటుంది. నాకే ఏదో వెలితిగా ఉంటుంది.

మొన్న మా తమ్ముడి బిడ్డ వచ్చింది. నర్సింగ్ అయిపోయి కొత్తగా ఉద్యోగంలో చేరింది. తనకు స్కానింగ్ విభాగంలో డ్యూటీ వేశారని మొహం వేలాడేసుకుంది. "గక్కడ ఏముంటది అత్తా! సూది గుచ్చుడు, పంపుడు. నేర్సుకునేది ఏం లేదు" అంది. నాకు చర్రున కోపం వచ్చింది. ఎందుకంటే నేను ఉద్యోగంలో సగానికి పైగా గడిపింది అక్కడే. ఆ పిల్లకు నోటితో చెబితే ఫోన్ చూసుకుంటూ వింటుంది కాబట్టి రాస్తున్నాను. ఎవరికి ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఏ సూపరింటెండెంట్ ఎవరి మీద అలిగాడు, ఆ గోల ఇందులో లేదు.

పది నిమిషాలు ఆయనవి, మిగతావి నావి

నేను పనిచేసింది కరీంనగర్‌లో. స్కానింగ్ గది, దాని పక్కన రెండు మంచాల చిన్న గది. లివర్‌లోనో, ఊపిరితిత్తిలోనో, కిడ్నీలోనో అనుమానం ఉంటే, స్కానింగ్‌లో చూస్తూ పొడుగాటి సూదితో దారప్పోగంత ముక్క తీసి పరీక్షకు పంపుతారు. మా జనం దాన్ని 'ముక్క తీసుడు' అనేవారు. ముక్క తీయడానికి పది నిమిషాలు. అది డాక్టర్ ప్రభాకర్ సారు పని. తర్వాత నాలుగు గంటలో ఆరు గంటలో ఆ మనిషిని కదలకుండా పడుకోబెట్టి కనిపెట్టుకుని ఉండాలి. అది నా పని.

సారు సుల్తానాబాద్ వైపు వరి పండించే ఇంటి నుంచి వచ్చారు. పెద్ద చదువులు చదివినా మాట మాత్రం ఊరిదే. నేను చేరిన కొత్తలో బీపీ మిషన్ వైపే గుడ్లప్పగించి కూర్చుంటే, "ఏం సుగుణా, గా మిషన్ నీకేమన్న సుట్టమా? మంచం మీద మనిషి ఉన్నది, గామెతోటి మాట్లాడు" అని కసిరారు. తర్వాత ఆయనే చెప్పారు. "వయసుల ఉన్నోళ్లకు లోపల నెత్తురు కారినా బీపీ చానసేపు పడిపోదు. అది పడిపోయేదాక కూసుంటే మన చేతులు దాటిపోతది. మనిషిని సూడు, మాట విను."

సూదికి ముందు ఆయన మంచం అంచున కూర్చుని చెప్పే మాటలు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. "సూడు తల్లీ, ఎక్కువ మందికి ఏం కాదు. ఎప్పుడో ఒకలకు లోపట నెత్తురు కారుతది. నీకే కావాలని లేదు, నీకు కాదని గూడ నేను చెప్పలేను. అయితే సంబాళించనీకి మేమున్నం. గని నీకు ఏమనిపించినా మాకు చెప్పాలె, సిగ్గుపడొద్దు." ఇంత సూటిగా చెప్పే డాక్టరును నేను మళ్లీ చూడలేదు. చాలామంది 'ఏం కాదు, ఏం కాదు' అని భుజం తట్టి సంతకం పెట్టించుకుంటారు. అది ధైర్యం చెప్పడం కాదు, తప్పించుకోవడం.

ఆ గదిలో నేను విన్నన్ని ముచ్చట్లు మా ఇంట్లో నలభై ఏళ్లలో వినలేదు. కదలకుండా పడుకున్న మనిషికి మాట తప్ప వేరే పని ఉండదు కదా. కోడళ్లు అత్తల మీద చెప్పేవారు, అత్తలు కోడళ్ల మీద చెప్పేవారు. ఒకామె పచ్చజొన్న రొట్టె ఎంత మందంగా కొట్టాలో చేతులు కదపకుండా చెప్పడానికి నానా తంటాలు పడింది. ఆ గంటలంటే నాకు ఎంత ఇష్టమో అక్కడ ఉన్నన్నాళ్లూ నాకు తెలియదు.

ఊరి పేరు ఒక్క ఊపిరిలో

ఖానాపూర్ నుంచి ఒక రైతు వచ్చాడు. ఊపిరితిత్తిలో మచ్చ ఉంటే ముక్క తీశారు. ఊపిరితిత్తి సూదిలో భయం వేరు. ఎప్పుడో ఒకసారి సూది పోయిన దారిన గాలి ఛాతీలోకి చేరి ఊపిరితిత్తిని నొక్కేస్తుంది. అందుకే అక్కడ ఎక్కువ మాట్లాడించకూడదు, దగ్గనివ్వకూడదు. సారు ఒక ఉపాయం చెప్పారు. పావుగంటకోసారి ఒకే ఒక్క ప్రశ్న అడగాలి, ఒక్క ఊపిరిలో జవాబు చెప్పించాలి.

"నీ పేరు, నీ ఊరు, నీ మండలం ఒక్క దమ్ముల చెప్పు పెద్దయ్యా" అన్నాను. మొదటిసారి గడగడా చెప్పాడు. రెండోసారి "ఎన్నిసార్లు అడుగుతవమ్మా, మరిసిపోయినవా?" అని నవ్వి చెప్పాడు. మూడోసారి పేరు చెప్పి ఆగాడు. ఊపిరి తీసుకుని ఊరు చెప్పాడు. మళ్లీ ఆగాడు.

"ఆయాసమైతుందా?" అంటే "ఏం లే, నాకు మూడింటి బస్సున్నది, పోవాలె" అన్నాడు. నేను పరుగున పోయి సారును పిలుచుకొచ్చాను. ఎక్స్‌రే తీస్తే ఒక వైపు ఊపిరితిత్తి సగానికి పైగా ముడుచుకుపోయి ఉంది. ఛాతీలో గొట్టం వేశారు. నాలుగు రోజులకు నడుచుకుంటూ పోయాడు. పోతూ పోతూ "బస్సు తప్పిపిచ్చినవు సిస్టరమ్మా" అని నా మీద నేరం మోపి పోయాడు.

ఆ తర్వాత నాకు కొంచెం గర్వం వచ్చింది. మిషన్ కంటే ముందే నేను పట్టేస్తానని. ఈ మాట దాచకుండా చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగిన దానిలో ఈ గర్వానికి కూడా వాటా ఉంది.

స్వరూప

స్వరూపది సిరిసిల్ల వైపు. మగ్గాల ఇల్లు. భర్త, మామ ఇద్దరూ పవర్‌లూమ్‌ల మీద పనిచేసేవారు. అత్త లేదు. ముప్పై కూడా నిండని మనిషి. కామెర్లు వస్తూ పోతూ ఉంటే, ఎందుకో తేలక లివర్ ముక్క పరీక్ష రాశారు. రక్తం గడ్డకట్టే పరీక్షలన్నీ సరిగ్గానే ఉన్నాయి. సారు ఎప్పటిలాగే కూర్చుని అంతా చెప్పారు. సూది ఒక్కసారికే సరిపోయింది. కుడి పక్కకు తిప్పి పడుకోబెట్టి, నాలుగు గంటలు లేవొద్దని చెప్పి ఆయన వేరే కేసుకు వెళ్లారు.

మొదటి గంట బాగానే ఉంది. అప్పుడు తలుపు దగ్గర ఒక పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తెల్లటి ధోవతి, భుజం మీద తువ్వాల. "మా కోడలు గీ అర్రల ఉన్నదట. ఒక్కసారి సూసిపోత బిడ్డా" అన్నాడు. ఆయనే మామ, నర్సయ్య. మొదటి రెండు గంటలు ఎవరినీ లోపలికి రానివ్వకూడదని సారు నియమం. కానీ ఆయన నిలబడిన తీరు అచ్చం మా బాపు నిలబడినట్టే ఉంది. కాదనలేకపోయాను. "ఒక్క నిమిషం, దూరం నుంచి సూసి పోవాలె" అన్నాను.

ఆయన గడప దాటి అడుగు పెట్టాడో లేదో స్వరూప మంచం దిగింది. నేను చూస్తుండగానే దిగింది. ఒంటి మీద నైటీ ఉంది. దుప్పటి గుంజి భుజాల నిండా కప్పుకుని, గోడకు ఒదిగి, తల వంచుకుని నిలబడింది. మామ ముందు కోడలు మంచం మీద పడుకుని ఉండడమా? ఆ ఇంట్లో అది లేదు. మా ఇంట్లోనూ లేదు. పెళ్లయిన కొత్తలో జ్వరంతో పడుకుని ఉండి మా మామ దగ్గు వినబడితే నేనూ అట్లాగే లేచేదాన్ని.

"ఎట్లున్నదమ్మా?" అన్నాడు నర్సయ్య గోడను చూస్తూ. "మంచిగనే ఉన్న మామా" అంది స్వరూప నేలను చూస్తూ. ఆయన పోయాడు. నేను గబగబా పోయి పడుకోబెట్టాను. "ఎందుకు లేసినవే పిచ్చిదానా" అని తిట్టాను. కానీ నిజం చెప్పాలంటే నా మనసులో ముచ్చటేసింది. ఈ రోజుల్లో కూడా ఇంత మర్యాద తెలిసిన పిల్ల ఉందే అనుకున్నాను. నాడి కొంచెం పెరిగింది, లేచింది కదా, సిగ్గుపడింది కదా అనుకున్నాను. సారుకు చెప్పలేదు. చెబితే 'ఎందుకు రానిచ్చినవ్' అని నన్ను తిడతారు.

కాసేపటికి "సిస్టరమ్మా, కుడి బుజం గుంజుతుంది" అంది. అదే పక్కన పడుకుని ఉంది కదా, చెయ్యి నలిగి ఉంటుందనుకున్నాను. దిండు సర్ది, నా చేతితోనే ఆ భుజం రుద్దాను. "ఇప్పుడు హాయిగున్నదా?" అంటే "ఆ, జర నయం" అంది. నా మాట కాదనలేక అంది. మళ్లీ ఇంటి ముచ్చట్లలో పడింది. నేను వింటూ కూర్చున్నాను. బీపీ మామూలుగానే ఉంది. భుజం రుద్దుతూ, వింటూ, ఇంచుమించు ఒక గంట గడిపాను.

చదువుతున్న పిల్లల్లారా, ఇక్కడ ఆగండి. లివర్ సూది తర్వాత కుడి భుజం నొప్పి అంటే అది భుజానిది కాకపోవచ్చు. లోపల కారిన నెత్తురు పైకి చేరి, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ పొరను తాకితే నొప్పి భుజంలో తెలుస్తుంది. ఇది నేను చదువుకున్నాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ నా ముందు పడుకున్నది పరీక్ష ప్రశ్న కాదు, మర్యాద తెలిసిన పిల్ల. నేను ఆ పిల్లను చూసి మురిసిపోతూ నొప్పిని వినలేదు.

మాట మధ్యలో ఆమె "సిస్టరమ్మా, ఫ్యాన్ బందు పెట్టినవా?" అంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. నుదురు ముట్టుకుంటే చెమట, చల్లగా ఉంది. నాడి నా వేళ్ల కింద ఉరుకుతోంది. కేకేస్తే సారు వచ్చి, కడుపు మీద చెయ్యి వేసి, ఒక్క ప్రశ్న అడిగారు.

"బుజం నొస్తున్నదా?"

ఆమె తల ఊపింది.

"ఎప్పటిసంది?"

నేను చెప్పాను. "గంట అయితుంది సార్."

ఆయన నా వైపు చూడలేదు. నెత్తురు ఎక్కించారు, సర్జన్ వచ్చాడు, థియేటర్‌కు తీసుకుపోయారు. మంచం తోసుకుపోతుంటే స్వరూప నా చెయ్యి పట్టుకుంది. థియేటర్ తలుపు దగ్గర నేనే విడిపించుకున్నాను. చీకటి పడకముందే చనిపోయింది.

ఎవరిది తప్పు

సారే బయటికి వెళ్లి ఇంటివాళ్లకు చెప్పారు. నేను ఆయన వెనకాల నిలబడ్డాను. "నా సూదితోటే లోపట నెత్తురు కారింది. అరుదుగ అయితది, గని మీ బిడ్డకు అయింది. ఆపనీకి సూసినం, ఆగలే. సూది పొడిసింది నేను" అన్నారు. భర్త గోడకు తల కొట్టుకున్నాడు. నర్సయ్య తువ్వాల భుజం మీంచి తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

తర్వాత గదిలోకి వచ్చి నేను ఏడిస్తే, సారు నన్ను ఏడవనిచ్చారు. "నేనే ఆయనను రానిచ్చిన సార్. ఆమె లేసి నిలబడ్డది. గందుకే అయింది" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"లేసినందుకే కారిందని నేను చెప్పలేను సుగుణా. కదలకుంట పండుకున్నోళ్లకు గూడ కారుతది. అది మన చేతుల లేదు. బుజం మన చేతుల ఉండె."

అంతే అన్నారు. ఆ మాటకు ఇంకో మాట కలపలేదు, మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. జరిగింది జరిగినట్టు కేస్ షీట్‌లో నాతో రాయించారు. ఆసుపత్రి మీటింగ్‌లో అందరి ముందూ చెప్పించారు. మరుసటి రోజు నన్ను అదే గదిలో, అదే మంచం పక్కన కూర్చోబెట్టారు. నేను పారిపోకుండా చేసింది ఆ ఒక్క పని.

పది రోజులకు ముక్క రిపోర్టు వచ్చింది. మాత్రలతో అదుపులో ఉండే జబ్బు. ఆ రిపోర్టు తీసుకోవడానికి ఎవరూ రాలేదు. సారు చదివి, కళ్లజోడు తీసి, ఆ కాగితాన్ని తన చేత్తోనే ఆమె కేస్ షీట్‌లో పెట్టారు.

ఒక్క విషయంలో మాత్రం మా ఇద్దరిదీ తప్పే అంటాను. భుజం సంగతి ఇంటివాళ్లకు చెప్పలేదు. ఆసుపత్రి కాగితాల్లో ఉంది, మీటింగ్‌లో ఉంది, వాళ్ల చెవిన పడలేదు. నా మీద జాలితో సారు చెప్పలేదు, భయంతో నేను చెప్పలేదు. పోయిన మనిషి ఇంటివాళ్లకు తెలిసే హక్కు ఉంది. మన జాలి, మన భయం దానికి అడ్డం రాకూడదు. సారు ఇప్పుడు లేరు. ఉంటే ఈ మాట ఆయన మొహం మీదనే అనేదాన్ని. ఆయన 'అవ్ సుగుణా, నువ్వన్నది కరెక్టే' అనేవారు. ఆ మాట వినాలని ఎంత ఉంటుందో చెప్పలేను.

ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. సూదికి ముందే ఇంటివాళ్లందరినీ పిలిచి చెప్పేదాన్ని. "మామ వచ్చినా, బావ వచ్చినా, దేవుడొచ్చినా లేవొద్దు. పెద్దోళ్లు మీరే గుమ్మం కాడ ఆగాలె." కుడి భుజం నేనే ముట్టుకుని చూపించేదాన్ని. "గిక్కడ నొస్తే కేకెయ్యి. నేను దిండు సర్దుతే ఊకోకు, నన్ను కొట్టి అయినా డాక్టర్‌ను పిలిపియ్యి." జనం నవ్వేవారు, కానీ గుర్తుపెట్టుకునేవారు. ఆసిఫాబాద్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ నిజంగానే నా చేతి మీద ఒక్కటేసింది. అప్పుడు టైముకే చూశాం, కొద్దిగా కారి ఆగిపోయింది. ఆ దెబ్బ అంత సంతోషం నాకు ఏ సన్మానమూ ఇవ్వలేదు.

నర్సయ్య

నేను రిటైరవడానికి కొద్ది నెలల ముందు నర్సయ్య వచ్చాడు. ఈసారి కోడలి కోసం కాదు, తన కోసం. లివర్‌లో గడ్డ. బాగా చిక్కిపోయాడు. అప్పటికి సారు లేరు, కొత్త డాక్టరమ్మ ముక్క తీసి పోయింది. గదిలో ఆయన, నేను. కొడుకు గుమ్మం బయట బెంచీ మీద కూర్చున్నాడు.

నన్ను గుర్తుపట్టడనుకున్నాను. నాడి చూడబోతే కళ్లు మూసుకునే అన్నాడు. "నువ్వు గప్పటి సిస్టరువు గదా."

"అవ్ పెద్దయ్యా."

"మా కోడలు నన్ను సూసి లేసి నిలబడ్డది. పండు బిడ్డా అని నేను అనలే." ఊపిరి తీసుకున్నాడు. "నాకు మంచిగనిపిచ్చింది సిస్టరమ్మా. దవాఖాన్ల గూడ నా కోడలు నాకు మర్యాద ఇచ్చిందని సంబురపడ్డ. ఎనిమిదేండ్లాయె. ఎవలకు చెప్పలే. నా కొడుక్కు గూడ."

ఆయన కూడా ఆ క్షణాన మురిసిపోయాడు, నాలాగే. ఎనిమిదేళ్లుగా ఈ మనిషి తనదే నేరమనుకుని మోశాడు, నేను నోరు మూసుకుని ఉన్నందుకు. స్టూలు దగ్గరికి జరుపుకుని అంతా చెప్పాను. లేచినందుకే అయిందని డాక్టర్ సారు కూడా అనలేదని చెప్పాను. భుజం నొప్పి, దిండు, నేను చేతితో రుద్దడం, గంట, ఏదీ దాచలేదు. "తప్పు నాది పెద్దయ్యా. అప్పుడే చెప్పాలె. భయపడ్డ" అన్నాను.

ఆయన కళ్లు తెరిచి నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. కొడుకును పిలిచి చెబుతాడనుకున్నాను. చెప్పినా సరే అనుకున్నాను. పావుగంటకు మళ్లీ నాడి చూశాను.

"అయితే గా గంటసేపు నువ్వు దాని పక్కనే ఉన్నవా?" అన్నాడు.

"ఉన్న."

"తెలివి ఉండెనా దానికి?"

"మంచిగుండె. మాట్లాడుకుంటనే ఉండె."

"ఏం మాట్లాడింది?" "మేం బయట కూసున్నం. మాకు ఒక్క మాట గూడ దొరకలే. ఏం మాట్లాడిందో జర చెప్పు బిడ్డా."

నేను ఎవరికీ చెప్పని మాటలవి. కేస్ షీట్‌లో అవి రాయరు. మీటింగ్‌లో ఎవరూ అడగలేదు. గుర్తున్నంతా చెప్పాను. మగ్గం చప్పుడు లేకపోతే నిద్ర పట్టదని చెప్పిన మాట, తమ్ముడికి పిల్లను చూస్తున్నారన్న మాట, మీ కరీంనగర్ నీళ్లు చప్పగా ఉన్నాయని నాతో పడిన కొట్లాట. ఆయన ఒక్కో మాటకూ 'ఊ' కొడుతూ విన్నాడు. కన్నీళ్లు ముక్కు మీదుగా దిండులోకి పోతున్నాయి, తుడుచుకోలేదు.

"నా ముచ్చట ఏమన్న తీసిందా?"

"తీసింది. నువ్వు ఒచ్చిపోయినంక నీ ముచ్చటే చానసేపు చెప్పింది. మా మామకు పండ్లు లేవు సిస్టరమ్మా, రొట్టె నమలరాదు, పాలల్ల నానేసి పెట్టాలె అన్నది. ఇయ్యాల ఇంట్ల ఎవలున్నరో, ఆయన ఆకలైనా నోరు తెరిచి అడుగడు అన్నది."

నర్సయ్య చెయ్యి నా చేతిలోనే ఉంది.

"అడుగ" అన్నాడు. "నేనెన్నడు అడుగలే. అదే చూసుకొని పెట్టేది."